రేపల్లెలో గ్రీకు పద్ధతి నాటకం

నాటకం మొట్టమొదట ఎక్కడ పుట్టిందని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పేవాణ్ణి నమ్మకండి. నేను బాపట్లలో చాలా ఏళ్లు ఆ పాఠమే చెప్పాను. రిటైరయ్యాక ఇంకొంచెం చదివాను. ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని క్లాసులో ధైర్యంగా చెప్పగలిగిన రోజునుంచే నా పాఠం పాఠంలా ఉంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు నేను చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే. మిగతాది నేను పడ్డ పాట్ల గురించి.

పుట్టిల్లు తగాదా

మా కాలేజీలో అరవైల చివర్లో సాయంత్రం పూట నాటక విద్య క్లాసు ఒకటి పెట్టారు. రెండేళ్ల చదువు, చివర సర్టిఫికెట్టు. గుమాస్తాలు, బడిపంతుళ్లు, ఒకరిద్దరు దుకాణాలవాళ్లు చేరేవారు. నా వంతుకు ప్రపంచ నాటకాల ఆది చరిత్ర వచ్చింది. ఆ పేరు వినగానే మా స్టాఫ్ రూమ్‌లో రెండు జట్లు తయారయ్యాయి. ఇంగ్లీషు లెక్చరరు ఒకాయన నాటకమంటే గ్రీకులదేనని, మిగతావాళ్లంతా అక్కడినుంచి ఎత్తుకొచ్చుకున్నారని అనేవాడు. సంస్కృతం మాస్టారు, మన దగ్గరినుంచే పడవెక్కి వెళ్లిందని టేబుల్ గుద్దేవాడు. ఇద్దరూ పాపం నాతో మాట్లాడటానికే నా టిఫిన్ టైముకు వచ్చేవారు.

నేను ఇద్దరి మాటా వినలేదు. ఈజిప్టులో చనిపోయిన దేవుడి కథను పూజార్లు పండగనాడు ఆడి చూపించేవారని ఆనవాళ్లున్నాయి. అది పూజా, నాటకమా అంటే గీత గీసి చెప్పలేం. గ్రీసులో ద్రాక్షసారా దేవుడి పండగకు ఒక గుంపు పాడుతూ ఆడేది. ఆ గుంపులోంచి ఒకడు విడివడి, గుంపుకు ఎదురు నిలబడి జవాబు చెప్పాడంటారు. తర్వాత రెండోవాడు వచ్చాడు, మూడోవాడు వచ్చాడు. ఆ ముగ్గురే మాస్కులు మార్చుకుంటూ అన్ని వేషాలూ కట్టేవారు. మన నాటక శాస్త్రం చెప్పే కథలో మొట్టమొదటి నాటకానికే గొడవ జరిగింది. తాము ఓడిపోయినట్టు చూపిస్తున్నారని అసురులకు కోపం వచ్చి, నటుల నోట మాట రాకుండా చేశారు. ఆ తర్వాతే నాటకశాల కట్టుకున్నారట. కట్టడానికి కారణం భక్తి కాదు, ప్రేక్షకులంటే భయం. నాకు ఆ కథంటే చాలా ఇష్టం.

ఇవన్నీ పక్కపక్కన పెడితే నాకు కనిపించింది ఒక్కటే. చూస్తున్న జనంలోంచి ఒకడు లేచి ఎదురు చెప్పిన చోటల్లా నాటకం పుట్టింది. ఒకచోట కాదు, చాలాచోట్ల. ఇది నా అభిప్రాయం. మీరు పరీక్షలో రాయించకండి, మార్కులు రావు.

సిలబస్‌లో ఉందా

మా ప్రిన్సిపాల్‌గారు మంచివారు. ఆయనకు ప్రపంచంలో ఒకటే ప్రశ్న ఉండేది, ఇది సిలబస్‌లో ఉందా అని. ఆయన్ని తట్టుకోవచ్చు. కష్టమల్లా కరెస్పాండెంటు రామబ్రహ్మంగారితో వచ్చింది. కాలేజీకి స్థలమిచ్చిన కుటుంబం ఆయనది. రేపల్లె వైపు పొలాలు, బియ్యం మిల్లు ఉన్నాయి. ఏ మాటైనా మొహం మీదే చెప్పేవాడు. ఆ గుణం నాకు నచ్చేది, నామీద ప్రయోగించనంతవరకు.

ఒక ఏడాది, మొదటి ఏడు చదువు సగం అయ్యాక, నన్ను పిలిపించాడు.

"ఏంటి మాస్టారు, గ్రీకులూ జపానువాళ్లూ మనోళ్లకెందుకండి? తెనాల్లో ఎటు రాయేసినా నటుడికే తగుల్తది. వాళ్లెవరన్నా మీ క్లాసుకొచ్చి నేర్చుకున్నారా?"

"వాళ్లు చేసేదేంటో వాళ్లకే తెలియాలని చెప్తున్నానండి."

"సరే. వచ్చే వేసవిలోపు మీ పిల్లలచేత ఒక నాటకం ఆడించండి. మా రేపల్లెలో ఆడండి, నేనూ వస్తాను. మీరు చెప్పే ఆ పాత పద్ధతిలోనే ఆడాలి. జనం చివరిదాకా కూర్చుంటే క్లాసు ఉంటది. మధ్యలో లేచిపోయారా, అక్కడితో సరి. ఆ గది టైపు ఇన్‌స్టిట్యూట్‌కి ఇచ్చేస్తాం."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక చేసేదేముంది. బయటికొచ్చాక మాత్రం ఒళ్లు మండింది. ఈ క్లాసును టైపు మిషన్లకు వదిలిపెట్టేది లేదని వరండాలోనే గట్టిగా అనుకున్నాను.

నాకంటే ఎక్కువ పట్టుదల మా క్లాసులో అన్నపూర్ణకు వచ్చింది. అన్నపూర్ణ వేమూరులో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ముప్పై దాటిన మనిషి. బడి అయిపోగానే వేమూరులో రైలెక్కి, తెనాల్లో దిగి, మరో రైలు పట్టుకుని బాపట్ల వచ్చేది. ఆమెకు రెండో ఏడు ఇంకా మొదలుకాలేదు. సర్టిఫికెట్టు చేతికొస్తే ఆడపిల్లల ట్రైనింగు స్కూల్లో నాటకం నేర్పే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలని ఆమె ఆశ. క్లాసు మూస్తే ఆ ఆశ అక్కడితో పోతుంది. ఇంట్లో ఎలాగూ, "ఇంకెన్నాళ్లమ్మా ఈ రైళ్లు?" అని అడగడం మొదలుపెట్టారట.

"మాస్కులు నేను చేస్తానండి," అంది విషయం వినగానే. "పాత పేపర్లు నానబెట్టి మెంతులేసి రుబ్బితే చేటలూ బుట్టలూ చేస్తాంగా మేము. మొహాలు మాత్రం ఎందుకు రావు?"

వచ్చాయి. వేమూరులో వాళ్ల పెరట్లో, ఆమె అమ్మ, పిన్ని కలిసి గుజ్జు రుబ్బి, బోర్లించిన కుండలకు మెత్తి ఎండబెట్టారు. ఆ మాస్కులు తొడుక్కున్నవాళ్లంతా నాటకం పూర్తయ్యేదాకా మెంతుల వాసన వేసేవారు.

రిహార్సల్‌కు రాని రాజు

కథ నేనే రాశాను. వరద వస్తుంది. రాజధాని మునిగిపోయేలా ఉంది. దిగువన ఉన్న కట్ట కొట్టేస్తే పైనున్న రాజధాని నిలుస్తుంది, కింద ఊరు కొట్టుకుపోతుంది. రాజు కట్ట కొట్టమంటాడు. తన కూతురు పురిటికి ఆ కింద ఊరికే వెళ్లిందని ఆయనకు తెలియదు. రాజు పక్కన ఊరి జనంగా ఒక గుంపు ఉంటుంది. పాడుతుంది, అడుగుతుంది, బతిమాలుతుంది. ఆ గుంపుకు పెద్ద అన్నపూర్ణ.

రాజు వేషానికి మా క్లాసులో ఎవరూ పనికిరాలేదు. జనం రావాలంటే పేరున్నవాడు కావాలి. తెనాలి వెళ్లి వీరయ్యగారిని అడిగాను. పద్య నాటకాల్లో రాజు వేషాలకు ఆయన పెట్టింది పేరు.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో పద్య నాటకాలు కాంట్రాక్టు మీద నడిచేవి. కాంట్రాక్టరు కృష్ణుణ్ణి ఒక ఊరినుంచి, అర్జునుణ్ణి ఇంకో ఊరినుంచి, హార్మోనిస్టును మరో ఊరినుంచి పిలిపించేవాడు. వాళ్లు స్టేజీ మీదే మొదటిసారి ఎదురుపడేవారు. ఒక్క కృష్ణుణ్ణే ఇద్దరు ముగ్గురు పేరున్నవాళ్లు అంకాలవారీగా పంచుకునేవారు. రిహార్సలు అన్నమాట లేదు.

"రిహార్సలా?" అన్నారు వీరయ్యగారు, తమలపాకు ఈనె తీస్తూ. "నాకు వేషం రాదని ఎవరన్నా చెప్పారా మీకు?"

"అది కాదండి. కొత్త కథ..."

"పుస్తకం ఇవ్వండి, చదువుకుంటాను. ఆ రోజుకి వస్తాను. ఒకటి మాత్రం. పద్యం లేకపోతే నేను రాను."

పద్యం రాయించి ఇచ్చాను. మా క్లాసులో చాలామందికి ఇది అవమానంగా తోచింది. రిహార్సల్ లేని నాటకమేమిటి, నాగరికత లేదు అన్నారు. నేను వాళ్లకు జపాను మాస్కుల నాటకం గురించి చెప్పాను. అక్కడ ముఖ్య నటుడు, రెండో నటుడు, వాయించేవాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లే తరతరాలుగా నేర్చుకుంటారు. ప్రదర్శనకు ముందు ఒక్కసారి కలిస్తే గొప్ప. ఆటలో బిగువు అందులోంచే వస్తుందని వాళ్ల నమ్మకం. మన కాంట్రాక్టు నాటకం కూడా అలాగే నడుస్తోంది. అక్కడ దాన్ని కళ అంటారు, ఇక్కడ అలగా జనం ఆట అంటారు. ఈ తేడా చదువుకున్నవాళ్లు పెట్టిందే. మీ క్లాసులో ఎవడైనా ఇంటి పక్కన ఆడే ఆటను తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోకండి. నేను ఊరుకోలేదు.

పగటిపూట ఆట

గ్రీకులు పగలు ఆడేవారు గనక మేమూ పగలే ఆడాం. రేపల్లెలో బియ్యం మిల్లు వెనక ఖాళీ కళ్లంలో, ఎండ తగ్గాక మొదలుపెట్టాం. కర్టెను లేదు, లైట్లు లేవు, పక్క తెరలు లేవు. జనం మూడువైపులా కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్లనుంచి బళ్లు కట్టుకుని వచ్చారు. వీరయ్యగారి పేరు చేసిన పని అది. ముందు వరసలో కుర్చీలో రామబ్రహ్మంగారు, పక్కన మా ప్రిన్సిపాల్‌గారు.

వీరయ్యగారు మధ్యాహ్నం రైలుకు దిగారు. మాస్కు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది పెట్టుకుంటే నా మొహం ఎవరికి కనపడుతుందండి?"

"ఎవరికీ కనపడదండి. అదే పద్ధతి."

ఆయన మాస్కు ఇంకోసారి తిప్పి చూసి తొడుక్కున్నారు.

ఆట మొదలైంది. గుంపు వచ్చి పాడింది. జనం బాగానే విన్నారు. రాజు వచ్చాడు. నాలుగు మాటలు అన్నాడో లేదో వెనకనుంచి ఒకడు లేచాడు.

"వీరయ్యగారేనా లోపల? ఇంకెవణ్ణన్నా పెట్టారా?"

ఆ అనుమానం వాళ్లకు ఊరికే రాలేదు. గోడ మీద ఒకడి పేరు వేసి స్టేజీ మీద ఇంకొకణ్ణి నిలబెట్టే కాంట్రాక్టర్లను వాళ్లు ఎందరినో చూశారు. మాస్కు చూడగానే మోసం జరిగిందనుకున్నారు. గ్రీసులో ఏ మారుమూలా మాస్కును చూసి ఎవరూ ఇలా అనుకుని ఉండరు. నా పుస్తకాలేవీ ఈ ప్రమాదం గురించి చెప్పలేదు.

"తీయమనండి ఆ తొడుగు," అన్నారు ఇంకో పక్కనుంచి. "మొహం చూపిస్తే కూర్చుంటాం. లేకపోతే బళ్లు కట్టుకుంటాం."

ఒకరిద్దరు నిజంగానే తువ్వాళ్లు దులుపుకుని లేచారు. రామబ్రహ్మంగారు తల తిప్పి నా వంక చూశాడు. నాకు టైపు మిషన్ల చప్పుడు చెవుల్లో వినిపించింది.

వీరయ్యగారు మాస్కు నుదుటి మీదికి ఎత్తారు. ఒక్కసారిగా చప్పట్లు. లేచినవాళ్లు కూర్చున్నారు. ఆయన పద్యం అందుకున్నారు. కట్ట కొట్టించాలా వద్దా అని రాజు తనలో తాను మథనపడే పద్యం అది. గొప్పగా పాడారు. వెంటనే, "వన్స్ మోర్," అన్నారు జనం. ఆయన మళ్లీ పాడారు. మళ్లీ, "వన్స్ మోర్." మళ్లీ పాడారు. మా క్లాసు కుర్రవాళ్లు గుంపులో నిలబడి, మాస్కుల్లోంచి నా వంక బిక్కచచ్చి చూస్తున్నారు. ప్రిన్సిపాల్‌గారు కళ్లు మూసుకున్నారు. రాజు ఇలా రాత్రంతా మథనపడుతూనే ఉంటే నా విషాద నాటకం ఎక్కడికి పోను?

అప్పుడు అన్నపూర్ణ గుంపులోంచి ముందుకు నడిచింది. నేను రాసిన నాటకంలో ఇది లేదు. రాజు వైపు కాదు, జనం వైపు తిరిగింది.

"రాజుగారి మొహం చూడాలన్నారు, చూశారు. పద్యం మళ్లీ మళ్లీ పాడమన్నారు, పాడారు. ఇప్పుడు మీరు చెప్పండి. కింద కట్ట కొట్టమందామా, వద్దా?"

ఎడమవైపునుంచి ఒక ముసలాయన అన్నాడు, "కొట్టకపోతే పైనోళ్లంతా పోతారు కదమ్మా. కొట్టాల్సిందే."

"నీ పొలం ఎగువనుంది, నువ్వట్టాగే అంటావు," అన్నాడు కుడివైపు నుంచి ఒకడు. "మాది దిగువ. ప్రతిసారీ మేమేనా మునిగేది?"

అక్కడితో మొదలైంది. అది నాటకమని ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఎగువ ఊళ్లవాళ్లు, దిగువ ఊళ్లవాళ్లు నిలబడి వాదించుకున్నారు. ఆడవాళ్లు కూడా అందుకున్నారు. అన్నపూర్ణ తొణక్కుండా ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించింది. నేను ఏళ్లుగా నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పింది నా కళ్లముందు జరుగుతోంది. గుంపులోంచి ఒకడు విడివడి ఎదురు చెప్పడమంటే ఇదే. మన శాస్త్రంలో అసురులు చేసిన గొడవా ఇదే. గ్రీకు ప్రేక్షకులు నచ్చకపోతే మడమలతో బల్లలు తన్నేవారని చదివినప్పుడు మొరటుతనం అనుకున్నాను. మొరటుతనం కాదు, వాళ్లు ఆటలో ఉన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. దాచడం దేనికి, వచ్చింది.

వీరయ్యగారు ఆ గోలంతా విన్నారు. చెయ్యెత్తారు. గోల సద్దుమణిగింది.

"కొట్టండి కట్ట," అన్నారు.

దిగువ ఊళ్లవాళ్లు కూర్చుండిపోయారు. తర్వాత వార్త తెచ్చేవాడు వచ్చాడు. కింద ఊరు పోయిందన్నాడు. పురిటికి వెళ్లిన రాజుగారి అమ్మాయి కూడా ఆ ఊళ్లోనే ఉందన్నాడు.

ఇక్కడ నేను రాసింది ఒక పెద్ద ఏడుపు. వీరయ్యగారు ఏడవలేదు. నుదుటి మీద ఉన్న మాస్కును రెండు చేతులతో మెల్లగా మొహం మీదికి దించుకున్నారు. అలా నిలబడ్డారు. రిహార్సల్ చేసి ఉంటే నేను దాన్ని చెడగొట్టేవాణ్ణి. తర్వాత వెనక్కి తిరిగి, మిల్లు గోడ పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు. గుంపు ఆయన వెనకే వెళ్లింది. ఆట అయిపోయింది.

జనం లేవలేదు

అయిపోయిందని తెలిసింది నాకూ మా క్లాసుకే. కర్టెను లేదు గనక పడలేదు. మన పద్య నాటకం చివర అందరూ వరసగా నిలబడి మంగళం పాడి హారతి ఇస్తారు. అది అయ్యేదాకా ఎవరూ కదలరు, కదిలితే అపశకునమంటారు. గ్రీకు పద్ధతి మోజులో నేను మంగళం తీసేశాను. అందుకని జనం కూర్చునే ఉన్నారు. పొద్దు వాలుతోంది. పిల్లలు నిద్రపోతున్నారు. బళ్లవాళ్లు ఎడ్లను ఇంకా బళ్లకు కట్టలేదు.

నేను ముందుకు వెళ్లి అయిపోయిందని చెప్పబోయాను. అన్నపూర్ణ మాస్కు చేత్తో పట్టుకుని అడ్డం వచ్చింది.

"మీరు చెప్పొద్దండి, సార్. కరెస్పాండెంటుగారు లేచిందాకా ఆగండి."

రామబ్రహ్మంగారు లేవలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, వీరయ్యగారు వెళ్లిన గోడ వైపే చూస్తున్నాడు. ప్రిన్సిపాల్‌గారు దగ్గి, చెవిలో ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. చివరికి నన్ను పిలిచాడు. నేనూ అన్నపూర్ణా వెళ్లాం.

"మంగళం పాడరా, మాస్టారు?"

"ఈ పద్ధతిలో మంగళం లేదండి. ఆట అయిపోయి చాలాసేపయింది."

ఆయన వెనక్కి తిరిగి కళ్లమంతా చూశాడు. ఒక్కరూ లేవలేదు. ఎగువవాళ్లు, దిగువవాళ్లు ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు. ఆయన షరతు గురించి నేను ఎత్తుతానేమో అనుకున్నాడు. నేను ఎత్తలేదు. ఆయన నన్ను వదిలేసి అన్నపూర్ణ వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ కింద ఊళ్లో ఒక్కళ్లన్నా మిగిలారా, అమ్మా?"

"అది ఇంకా రాయలేదండి," అంది అన్నపూర్ణ. "రాయాలంటే క్లాసుండాలి."

ఆయన కండువా సర్దుకుని లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి జనం అప్పుడు లేచారు. జూన్‌లో మా గదిలోనే రెండో ఏడాది క్లాసు మొదలుపెట్టాం. మొదటిరోజు వెనక బెంచీలో రామబ్రహ్మంగారు కూర్చుని ఉన్నాడు.